ఎక్స్ డబ్బాలో ఒకటి మిగిల్చాను

మా చిన్నప్పుడు... రంగూన్‌లో, పజుండౌంగ్ కాలవ పక్క ఇంట్లో కూర్చుని పలక మీద లెక్క చేస్తుంటే, బియ్యం మిల్లుల ఊక ఎగిరొచ్చి మీద పడేది. ఊదుకుంటూ చేసేదాన్ని... తేలేది కాదు. ఊక మీద కోపం, పలక మీద కోపం, అన్నిటికంటే ఆ ఎక్స్ మీద కోపం!

అన్ని అంకెలుండగా లెక్కల్లోకి అక్షరం ఎందుకు? అటున్నది ఇటొస్తే కూడిక కాస్తా తీసివేత ఎందుకవ్వాలి? ఒళ్లు మండిపోయేది నాకు.

మాకు లెక్కలు చెప్పే టీచరమ్మ వాళ్ల నాన్న బర్మావాడు, అమ్మ మన శ్రీకాకుళం వైపావిడ. అక్కడ టీచరమ్మను సెయామా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. నా ఏడుపు చూడలేక ఓ రోజు, "ఎక్స్ అంటే దెయ్యం కాదే... మూతెట్టిన డబ్బా అనుకో. లోపలెంతుందో సెప్పడమే నీ పని" అంది.

అప్పుడు కాస్త బుర్రకెక్కింది. 3x + 4 = 19. రెండు వైపులా నాలుగు తీసెయ్... మూడు డబ్బాల్లో పదిహేను. ఒక్కో దాంట్లో అయిదు. హమ్మయ్య!

ఆ ఏడు పరీక్ష పెట్టి, మా బడి నుంచి ఒక్క ఆడపిల్లని పెద్దబడికి తీసుకుంటామన్నారు. మా నాన్న మిల్లులో మేస్త్రీ. ఆయన మాట ఒకటే. "సీటొత్తే సదువుకో. రాకపోతే ఇంటికాడ అమ్మకి సాయం సెయ్యి. మళ్లా ఏడిసినావంటే ఊరుకోను."

పరీక్షలో చివరి లెక్క... 5x + 8 = 2x + 8. చకచకా చేసేశాను. ఎనిమిదికి ఎనిమిది పోయింది. 3x = 0. అంటే డబ్బాలో ఏమీ లేదు.

నా చెయ్యి ఆగిపోయింది.

మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటా ఊడ్చకూడదు. ఎంత ఇబ్బందైనా గుప్పెడు మిగల్చాలి. ఓసారి తెలీక బోర్లించి దులిపితే, "లచ్చిమిని తరిమేత్తావేటే!" అని అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. అది గుర్తొచ్చింది. అసలే పరీక్ష, అందులోనూ శుక్రవారం... డబ్బా ఖాళీ చెయ్యనా? అమ్మో! అందుకే ఒకటి మిగిల్చాను. x = 1 అని రాసి లేచొచ్చేశాను.

ఆ ఒక్క లెక్కతో సీటు ఇంకో పిల్లకి పోయింది.

సెయామా ధుమధుమలాడుతూ మా ఇంటికొచ్చింది. "అంతా సరిగ్గా సేసి ఆకర్న ఒకటెందుకేసినావే?" చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

అమ్మకి మాత్రం అర్థం కాలేదు. "ఒకటి మిగిల్తే తప్పేటమ్మా?"

"ఇంటికి మంచిదే వదినా... లెక్కకి తప్పు."

"ఇంకోపాలి పరీచ్చ ఎట్టరేటి?" అని అడిగింది అమ్మ.

"అడిగినాను. ఎట్టరంట."

అన్నం తింటూ అంతా విన్న నాన్న, "సాల్లే. మాటంటే మాటే" అన్నాడు. మర్నాడు నా పలక తమ్ముడికిచ్చేశారు. వాడు దాని మీద ఓడ బొమ్మ గీసుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలీలేదు... అమ్మనా, నాన్ననా, ఆ పరీక్ష పెట్టినాయననా? ఏడుద్దామంటే నాన్న వద్దన్నాడు. పొయ్యి దగ్గర కూర్చుని పొగ వంకతో ఏడ్చాను.

ఇప్పుడు మా మనవరాలు ఎక్స్ లెక్కలు చేస్తోంది. సున్నా వస్తే సున్నా రాసేసి ఆటకి పోతుంది. దాన్నెవరూ ఏమీ అనరు. రోజులు మారాయి, సంతోషమే... కానీ చిరాకు మాత్రం నాకింకా పోలేదు. మొన్న దాని పక్కన చేరి, "నాకూ ఓ లెక్క ఇవ్వవే, చేస్తాను" అన్నాను.

"ఇప్పుడు నీకెందుకు నానమ్మా ఇవన్నీ?" అంది.

మీ చదువు ఎక్కడ ఆగిందో మీరూ చెప్పండి... నేను మాత్రం "ఇప్పుడు మీకెందుకు" అని అననులెండి.