అత్తమ్మ ఒక్కపొద్దులు

మా పాప పుట్టినప్పుడు చావు తప్పి బయటపడ్డాను. గుండె కవాటం సన్నబడిందని, ఇంకో కాన్పు అయితే ప్రాణం మీదికొస్తుందని పటాన్‌చెరు డాక్టరమ్మ చెప్పింది. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమంది. మేం కేథలిక్కులం, మా మతం ఒప్పుకోదు కాబట్టి ఆపరేషన్‌కు మనసొప్పలేదు. చర్చి పక్కన దవాఖాన నడిపే సిస్టరమ్మ ఒక థర్మామీటరు చేతికిచ్చి పద్ధతి నేర్పింది. రోజూ మంచం దిగకముందే వేడి చూసుకోవాలి, ఒంట్లో మిగతా గుర్తులూ గమనించాలి, గర్భం నిలిచే రోజుల్లో దంపతులు దూరంగా ఉండాలి. "నీ విషయంలో ఒక్కరోజు కూడా తప్పొద్దమ్మా" అంది.

మా ఆయనకు ఫ్యాక్టరీలో గంటగంటకూ ఫర్నేసు వేడి రాసే పని. ఇంట్లో నా వేడి రాసే డ్యూటీ కూడా తనే తీసుకున్నాడు. థర్మామీటరు నోట్లో ఉన్నంతసేపు నేను మాట్లాడకూడదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "దినాం గీ ఐదు నిమిషాలే ఇంట్ల శాంతి" అని నవ్వేవాడు. నేను కళ్లతోనే తిట్టేదాన్ని. దూరంగా ఉండాల్సిన రోజైతే వంటింటి క్యాలెండర్ మీద పెన్సిలుతో సిలువ గుర్తు పెట్టేవాడు. ఆ రోజు ఆయన చాప వరండాలోకి పోయేది.

నెలసరి వచ్చిందంటే మాకు పండగే. పావుకిలో జిలేబీ తెచ్చేవాడు. ఎందుకు తెచ్చాడో తెలియకుండానే అత్తమ్మ కూడా తినేది. లక్డారం నుంచి వచ్చి మాతోనే ఉంటున్న ఆమెకు ఇవేవీ చెప్పలేదు. ఏ నోటితో చెబుతాం?

మూడు నెలలకు అత్తమ్మ బాగా చిక్కిపోయింది. ఒక పొద్దున నల్లా దగ్గర బిందె ఎత్తబోయి కూలబడింది. పరుగున వెళ్లి పట్టుకున్నాను.

"ఏం తిన్నవత్తమ్మా పొద్దుగాల?" అని గద్దించాను.

"ఇయ్యాల ఒక్కపొద్దు గద బిడ్డా. సిలువ గుర్తు సూడలేదా?"

"ఏం ఒక్కపొద్దత్తమ్మా?" అన్నాను.

"గుర్తు పెట్టిన దినం నా కొడుకు బయట పండుతుండు. నీ పానం కోసం మొక్కు పట్టిండ్రనుకున్న. నేనెట్ల తింట మరి?"

నెలలో సగం రోజులు పస్తు! నా వెనకే వచ్చిన మా ఆయన తల పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. సిగ్గు చంపుకుని అసలు సంగతి ఆమె చెవిలో చెప్పాను.

అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒళ్లంతా కదిలేలా నవ్వింది. "ముందుగాల్నే చెప్తే జెర అన్నం తిందును గద!" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత అంది: "అయితే ఏంది? మీ గుర్తు దేనికన్నా కానీ, నేనైతే నువ్వు బతకాలెననే ఒక్కపొద్దు ఉన్న. గది ఏడికి పోతది?"

నాకు ఏడుపొచ్చింది. తల్లి లేని నాకోసం ఆమె కడుపు మాడ్చుకుంటుంటే, నేను గద్దించాను. వేడి అన్నంలో పప్పు కలిపి నా చేత్తోనే ముద్దలు పెట్టాను.

కాన్పు గండం మళ్లీ నా దరికి రాలేదు. మా ఆయన చాప మరిచిపోయే వీలు కూడా లేకపోయింది. గుర్తు కనబడిన రోజు, పొద్దుగూకక ముందే అత్తమ్మ దాన్ని వరండాలో పరిచేసేది.