మర్హూమ్ కరీం సాబ్

కరీం సాబ్ అనంతపురంలో దర్జీ. ఇంట్లో మాట తెలుగే అయినా గజల్ రాయాలంటే ఆయనకు ఉర్దూనే కావాలి. ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే, అత్త చచ్చిపోయిన రోజు కూడా గుత్తిలో ఉర్దూ కవుల ముషాయిరాకు పోయి కూర్చున్నాడు, మట్టి చేశాక తీరిగ్గా వచ్చాడు. భార్య అమీర్ బీ మూట కట్టుకుని గార్లదిన్నెలో అన్న జిలాన్ బాషా ఇంటికి వెళ్ళిపోయింది. ఎన్ని కబుర్లు పెట్టినా రాలేదు. ఎవతైనా ఎందుకొస్తుంది?

1958లో కాలేజీ పిల్లలు తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిపి, తొలివానల పేరుతో ‘ముంగారు’ అని పత్రిక మొదలుపెట్టారు. సంపాదకుడు కుళ్ళాయప్ప. కరీం సాబ్ భార్యను క్షమించమని వేడుకుంటూ ఒక గజల్ రాసి అతని చేతిలో పెట్టాడు.

“మొదటి కాపీ గార్లదిన్నెకు పంపించప్పా. మా బావ చదివి వినిపిస్తాడు. అది వినన్నా వస్తాదేమో,” అని బతిమాలాడు. ప్రెస్సులో ఉర్దూ అచ్చక్షరాలు లేవు. గజల్‌ను తెలుగు లిపిలోనే వేశారు.

పత్రిక వచ్చాక కుళ్ళాయప్ప సంబరంగా కుట్టుమిషను దగ్గరికి వచ్చాడు. తెలుగు చదవడం రాని కరీం సాబ్ “చదువప్పా” అన్నాడు.

“మర్హూమ్ కరీం సాబ్ గారి గజల్.”

కరీం సాబ్ చేతిలో సూది జారిపోయింది. “ఏమప్పా, నన్నెప్పుడు పూడ్చినారు?”

“అదేంది సాబూ? మా ఉర్దూ మున్షీ గారు పెద్ద పెద్ద కవులందరినీ మర్హూమ్, మర్హూమ్ అంటాంటారు గదా! మహాకవి మాదిరి బిరుదేమో అనుకుంటి.”

“చచ్చిపోయినోళ్ళను అంటారప్పా ఆ మాట!”

కుళ్ళాయప్ప ముఖంలో నెత్తురుచుక్క లేదు. కరీం సాబ్‌కు మాత్రం మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే అసలు సంగతి గుర్తొచ్చింది.

“గార్లదిన్నెకు?”

“నిన్ననే పంపిస్తిని సాబూ.”

చెప్పులైనా వేసుకోకుండా ఆయన బస్టాండుకు పరుగెత్తాడు. అప్పుడే వచ్చిన బస్సులోంచి జిలాన్ బాషా, వెనకాలే అమీర్ బీ దిగుతున్నారు. ఈయన్ని చూసి జిలాన్ బాషా “యా అల్లా!” అని బస్సు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. కరీం సాబ్ చూపు భార్య చేతుల మీద పడింది. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. గాజులు పగలగొట్టిన చోట గీరుకుని నెత్తురు ఎండింది.

అమీర్ బీ దగ్గరికొచ్చి ఆయన చెంపలు తడిమింది, భుజాలు తడిమింది. తర్వాత ఎదురురొమ్ము మీద ఒక్క గుద్దు గుద్దింది.

“బతికే ఉండావా?”

“పిల్లోడు తెలీక రాసినాడు. ఆ గజలు...”

“ఆ పేరు చూసినాక గజలెవరు చదివినారు?” అంటూ ఏడ్చింది. “చచ్చినోళ్ళ మీద కోపం పెట్టుకోగూడదని అందరూ చెప్తే, మాయమ్మ మట్టికి నువ్వు రానిది గూడా మాఫ్ చేసేసినా. పదిమంది ముందర నోరారా చెప్పినా. ఇప్పుడు దాన్నెట్ల యెనక్కి తీసుకునేది?”

కరీం సాబ్ ఆమె చేతులు పట్టుకోబోయాడు.

“నడువు ఇంటికి,” అని బోసి చేతులు కొంగు కింద దాచుకుని ముందు నడిచింది.