టేకుచేప కూరలో మాను పుట్టగొడుగు

అడవి మీద పెత్తనం చేసే జంగ్లాత్ దరోగా పండ్లు రెండు ఊడగొట్టింది నేనేనని అచ్చంపేట చుట్టుపక్కల ఏండ్ల తరబడి చెప్పుకున్నాను. వినేవాళ్లను బట్టి ఆ రెండు ఒక్కోసారి నాలుగయ్యేవి.

అతని చేతి కొరడా టేకుచేప తోకతో చేసింది. సముద్రంలో చేటలా పరుచుకుని ఈదే చేప అది. వెట్టికి ఒకపూట ఆలస్యమైందని ఆ తోకతో మా నాయిన వీపు చీల్చాడు. నాయిన నెలరోజులు బోర్లా పడుకున్నాడు. ఆ నెలంతా నాకు పగ తప్ప వేరే ఆలోచన లేదు.

ఆ చేప ఎండు రెక్కల కూరంటే దరోగాకు ప్రాణం. బందరు నుంచి తెప్పించుకునేవాడు. వండేది నాయినను కన్న మా అవ్వ, అదీ వెట్టికే. ఒకరోజు అడవిలో కూలిన మద్దిమానుకు అట్టలు కట్టిన పుట్టగొడుగును చూసి ఆగిపోయాను. అదే అర్ధచంద్రం, అంచుకు పోయేకొద్దీ అదే పలుచన, పైన బూడిద రంగు, కింద తెలుపు. ఒకటి నీళ్లలో రెక్కలాడిస్తూ తిరిగేది, ఇంకొకటి కదలకుండా మానును తినేది; ఎండితే అక్కాచెల్లెళ్లే. తోక లేకపోవడమొక్కటే తేడా. ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టి, దరోగా ఎండుచేపల కుండలో కలిపేశాను.

దరోగా నమిలాడు, దవడ పట్టేసింది, పండ్లు ఊడి కంచంలో పడ్డాయి. ఇదీ నేను చెప్పే కథ.

జరిగింది వేరు. విషం పెడతారన్న భయంతో అతను ముందు వండినవాళ్లతోనే తినిపించేవాడు. అది నాకు తెలుసు. పగ మైకంలో మరిచిపోయాను. దరోగా వాకిట్లో కట్టెలు కొడుతూ చూస్తున్నాను. అవ్వ ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. నా వైపు చూసింది. సంగతి బయటపడితే ఈసారి కొరడా ఆమె వీపు మీదే.

"ఎట్లుందే ముసల్దానా?" అన్నాడు దరోగా.

"మంచిగుంది దొరా. జర గట్టిగున్నది, సముద్రంల తిరిగిందాయె."

అతను రెండు ముక్కలు కొరికి, "బందరోడు ముసలి చేపనిచ్చి మోసం జేసిండు," అని ఉమ్మేసి, పులుసంతా అన్నంలో కలుపుకుని తిన్నాడు. పన్ను ఒక్కటీ కదల్లేదు.

ఇంటికొచ్చాక అవ్వ కొంగుముడి విప్పింది. అందులో ఆమె పన్ను. నేను కాళ్ల మీద పడ్డాను.

"లేరా సన్నాసి. ఏడుస్తవెందుకు? మీ నాయిన వీపు మానిందా?" అంది నోరు పుక్కిలిస్తూ. "పన్ను పోతే పోయింది గని, ఈపారి రెండు దినాలు నానబెట్టి తే. నాకొక్క ముక్క చాలు. వాడు చేపే అనుకొని గిన్నె నాకాలె."