మామయ్య బొటనవేలు

మా మామయ్యకి ఫ్యాక్టరీలో పెట్టిన పేరు మిల్లీమీటర్. ఉద్యోగమంతా లేత్ మిషన్ ముందు నిలబడి ఇనప కడ్డీలు చెక్కిన మనిషి. మేం గోడకి ఫొటో తగిలిస్తే దూరం నుంచి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూసి, "కుడివైపు వెంట్రుకవాసి దిగింది" అనేవారు. నేను ఆయన మేనల్లుణ్ణే, ఆయన కళ్ళముందు పెరిగినవాణ్ణే. అయినా కూతుర్ని ఇచ్చేముందు నన్నూ అలాగే దూరం నుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి చూసి ఉంటారని నా అనుమానం. ఏ వైపు ఎంత దిగానో ఇంతవరకూ చెప్పలేదు.

ఆయన ఎడమచేతి బొటనవేలు వంగదు. వయసులో ఉండగా మిషన్‌లో పడి నలిగింది. డాక్టర్లు వేలు మిగిల్చారు గాని కీలు మిగల్చలేకపోయారు. అప్పట్నుంచి అది నిటారుగా నిలబడే ఉంటుంది. ఎవరైనా అడిగితే, "అంతా బాగుందని చెబుతోంది, చెప్పనివ్వండి" అని నవ్వేసేవారు.

ఫ్యాక్టరీ కంచె అవతల గోల్ఫ్ మైదానం ఉండేది. అక్కడి గడ్డి కోసే యంత్రాలు పాడైతే మామయ్య దగ్గరికే వచ్చేవి. ఆ పరిచయంతో, మైదానానికి సెలవున్న రోజు ఆయన్ని ఆడుకోనిచ్చేవారు. ఎవరో పారేసిన కర్రలు తెచ్చుకుని, చూసి చూసి, తనంతట తనే ఆట నేర్చుకున్నారు. వంగని వేలు కర్ర మీద ఆనదు కదా. అందుకని ఎడమ అరచేతిని బాగా ఎడమకి తిప్పి, వేలు గాల్లోనే వదిలేసి పట్టుకునేవారు. అలా పడితే కర్ర మొహం, అంటే కొట్టే పలక, బంతిని తాకే వేళకి కుడికి తెరుచుకుపోతుంది, బంతి కుడికి పోతుంది. కానీ ఆయనవి లేత్ హ్యాండిల్ తిప్పి తిప్పి రాటుదేలిన మణికట్లు. ఆఖరి క్షణంలో వాటిని గిరుక్కున తిప్పి మొహం మూసేసేవారు. బంతి బుద్ధిగా తిన్నగా వెళ్ళేది.

అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ వెంట తీసుకెళ్ళేవారు. మా ఆవిడ, అంటే అప్పటికింకా నాకు మరదలే, నాన్న ఎలా పడితే అలాగే పట్టింది. బొటనవేలితో సహా. చిన్నపిల్ల అంత పొడుగు కర్ర పట్టుకుని, నిక్షేపంగా ఉన్న వేలిని గాల్లోకి లేపి నిలబడితే చూసి అందరం మురిసిపోయాం. అందరికంటే ముందు మామయ్యే మురిసిపోయారు. "అచ్చం నా పట్టే" అని ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు.

పట్టు వచ్చింది గాని మణికట్లు రాలేదు. తను కొట్టిన బంతి బయల్దేరడం బాగానే బయల్దేరుతుంది. సగం దూరం వెళ్ళాక ఏదో మర్చిపోయినట్టు కుడికి తిరిగి పక్కకి పోతుంది. ఆటగాళ్ళు దాన్ని స్లైస్ అంటారు. మా ఇంట్లో మాత్రం దాని పేరెత్తరు, దెయ్యం పేరెత్తనట్టు.

దానికి మామయ్య వైద్యం ఒకటే. లేత్ మీద చెక్కుడు అటు తప్పితే పనిముట్టుని అంతే మేర ఇటు జరుపుతారు. పని కుదిరిపోతుంది. కూతురి బంతి కుడికి పోతే కూతుర్ని ఎడమకి జరిపేవారు. "ఇంకొంచెం ఎడమకి నిలబడమ్మా." తను ఎడమకి జరిగేది. ఎడమకి తిరిగి కొడితే కర్ర బంతిని అడ్డంగా కోస్తుంది, బంతి ఇంకా కుడికి పోతుంది. "ఇంకొంచెం." ఇనుముకి పనికొచ్చిన వైద్యం బంతికి పనికిరాదన్న మాట ఆయనకి తట్టలేదు. తట్టినవాళ్ళెవరూ చెప్పలేదు. మిల్లీమీటర్‌కి కొలత తప్పిందని ఎవరు చెబుతారు?

ఇదంతా సరదాగా ఆడుకునేవాళ్ళయితే నవ్వుకుని వదిలేసే సంగతి. మా ఆవిడకి అది బతుకు. ఆ మైదానంలోనే పిల్లలకి ఆట నేర్పే చోట సహాయకురాలిగా చేస్తోంది. పెద్ద టీచర్ మానేసి వెళ్ళిపోతున్నాడు. ఆ స్థానం తనకివ్వాలంటే ఆటపరీక్ష నెగ్గాలి. మైదానంలో గుంటలన్నిట్లోనూ ఒక లెక్కకి మించని దెబ్బల్లో బంతి వెయ్యాలి. మొదటిసారి తప్పింది, రెండోసారీ తప్పింది. రెండుసార్లూ ఆఖరి గుంట దగ్గరే. అక్కడ కుడివైపు పొడుగునా గోడ ఉంటుంది, అవతల రోడ్డు. బంతి గోడ దాటితే దెబ్బ పోయినట్టే, పైగా శిక్షగా ఇంకో దెబ్బ లెక్కలో పడుతుంది. రెండుసార్లూ గోడ దాటింది. మూడోసారే ఆఖరు. ఈసారి కూడా తప్పితే ఆ స్థానంలోకి బయటివాళ్ళని తెస్తారు, సహాయకురాలి అవసరం ఉండదు. తను మళ్ళీ మా బాబాయి ఇనప సామాను కొట్లో బిల్లులు రాసుకోవాలి. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు రాసింది. ఆ రోజుల్లో తన మొహం నాకు బాగా గుర్తు.

పరీక్ష దగ్గరపడేకొద్దీ ఇంట్లో గిన్నె కిందపడితే ముగ్గురం ఉలిక్కిపడే పరిస్థితి వచ్చింది. మాతోనే ఉండే మామయ్య భోజనాల దగ్గర చెంచా పట్టుకుని కూడా "ఎడమకి" అనేవారు. తను తలవంచుకుని తినేది. నేను మధ్యలో నీళ్ళు నమిలేవాణ్ణి. నాకు గోల్ఫ్ రాదు. కారు తోలడం, సంచి మొయ్యడం, మాట పడ్డం, ఇవే నా ఆటలు.

ఒకరోజు తెల్లారగట్ల కారు షెడ్డులోంచి దబ్ దబ్‌మని చప్పుడు వినిపించి వెళ్ళాను. పాత దుప్పటి వేలాడదీసి, దాంట్లోకి బంతులు కొడుతోంది. నాకు ఆట రాకపోయినా ఆ చేతుల్లో ఏదో మారిందని తెలిసిపోయింది. ఎడమచెయ్యి కుడివైపుకి తిరిగి ఉంది. మెటికలు కనిపిస్తున్నాయి. బొటనవేలు కర్ర మీద పడుకుని ఉంది.

"వేలు దింపావే" అన్నాను.

తను కర్ర దింపి తలుపు వైపు చూసింది. "నాన్న లేచాడా?"

"లేదు. ఎప్పట్నుంచి ఇది?"

"నెల దాటింది. పిల్లలకి నేర్పేది ఇలాగే బావా. వాళ్ళకి మొదటిరోజే చెబుతాను, వేలు కర్ర మీద పెట్టమని. చెప్పి, నా వంతు వచ్చేసరికి ఎత్తేస్తాను."

"మరి ఇది మానేసి అదెందుకు కొడుతున్నావు, రెండుసార్లు తప్పీ?"

"నాన్న చూస్తుంటే వేలు దిగడంలేదు." తన బొటనవేలి వైపు చూసుకుంది. "ఆయన నాకిచ్చింది ఇదొక్కటే. ఇది తప్పని ఎలా చెప్పను? నీ వేలు విరిగిందని నేనూ ఇన్నేళ్ళు అవిటిదానిలా ఆడానని చెప్పనా?"

"నేను చెబుతాను."

"చెప్పావంటే నీతో మాట్లాడను." ఆ మాట అన్న తీరు చూస్తే నిజంగానే మాట్లాడదనిపించింది. నోరు మూసుకున్నాను. మామయ్య మీద కోపం, తన మీద కోపం, ఆ పాడు మిషన్ మీద కోపం.

పరీక్షరోజు పొద్దున కారులో మామయ్య నా పక్కన కూర్చున్నారు. తను వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉంది. ముందురోజు తడిసిన తన గ్లవ్‌ని ఆరడానికని డాష్‌బోర్డ్ మీద పెట్టాను. ఎడమచేతికి వేసుకునే తోలు గ్లవ్. మామయ్య దాన్ని తీసి, ఊరికే ఉండలేని చేతులు కదా, అటూ ఇటూ తిప్పి చూశారు. కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తీసిన చోటే జాగ్రత్తగా పెట్టేశారు. దారి పొడుగునా "ఎడమకి" అన్న మాట అనలేదు. నేనది గమనించాను గాని, ఆయనకీ భయమేసి ఉంటుందిలే అనుకున్నాను.

ఆట మొదలైంది. స్కోరు రాసే పెద్దమనిషి ఒకాయన తనతో నడుస్తున్నాడు. మేం చూసేవాళ్ళ కోసం కట్టిన తాడుకి ఇవతల, దూరంగా. మొదటి గుంట దగ్గర తను కర్ర పట్టుకుంది. వేలు కర్ర మీద ఆనింది. తల తిప్పి మా వైపు ఒక్కసారి చూసింది. వేలు లేచిపోయింది. బంతి కుడికి తిరిగి చెట్లలో పడింది.

తర్వాతవీ అంతే. దింపడం, మమ్మల్ని చూడడం, ఎత్తడం. పక్కన పడ్డ బంతిని నానా తంటాలు పడి మళ్ళీ దారిలోకి తెచ్చుకోవడం. దగ్గరి దెబ్బల్లో తను దిట్ట, దాంతోనే నెట్టుకొస్తోంది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మామయ్యని ఏదో వంకతో తప్పించాలని చూశాను.

"కాఫీ తాగొద్దాం మామయ్యా."

"నువ్వు తాగు."

"ఎండగా ఉంది, కారులో కాసేపు కూర్చోండి."

"నాకు బాగానే ఉంది." మొహంలో ఏమీ కనిపించడంలేదు. కూతురి దెబ్బ ప్రతిదీ రెప్పవెయ్యకుండా చూస్తున్నారు. బంతిని కాదు, చేతుల్ని. నాకు ఆయన్ని భుజం పట్టి లాక్కుపోవాలనిపించింది. పెద్దాయన అని ఆగాను.

ఆఖరి గుంటకి వచ్చేసరికి లెక్క అంచుకి చేరింది. ఐదు దెబ్బల్లో ముగిస్తే నెగ్గినట్టు. మొదటి బంతి గోడ దాటితే అంతా అయిపోయినట్టే. గోడ అవతల లారీల చప్పుడు వినిపిస్తోంది. తను పుల్ల మీద బంతి నిలబెట్టింది. వెనక్కి జరిగి, రెండుసార్లు ఊరికే కర్ర ఊపి చూసుకుంది. రెండుసార్లూ వేలు గాల్లోనే ఉంది.

అప్పుడు మామయ్య వెనక్కి తిరిగారు.

నడిచి వెళ్ళలేదు. ఉన్నచోటే నిలబడి, మైదానానికి వీపు పెట్టి, కార్లు ఆపిన వైపు తిరిగారు. కూతురు కర్ర పట్టిన రోజు నుంచీ, పక్కనే ఉండి ఆయన చూడకుండా వదిలేసిన దెబ్బ ఒక్కటీ లేదు.

"అదేంటి మామయ్యా, చూడరా?"

"నేను చూస్తుంటే అది వేలు దింపదు" అన్నారు, లోగొంతుకతో.

"నేనేం చెప్పలేదు" అన్నాను, దొంగలా.

"నువ్వు చెప్పేదేంటి. పొద్దున గ్లవ్ చూశాను. దాని గ్లవ్‌లు ఎన్ని చిరిగినా బొటనవేలు కొత్తగానే ఉండేది. ఇది వేలి దగ్గర అరిగి నల్లబడింది. అరుగుదల చూస్తే పని ఎలా జరిగిందో తెలియదా నాకు? నేను లేనప్పుడు సరిగ్గా పడుతోంది. నేనుంటే ఎత్తుతోంది. పొద్దుట్నుంచి అదే చూస్తున్నాను, నిజమా కాదా అని."

ఆయన తన ఎడమచేతిని కుడిచేత్తో కప్పి పట్టుకున్నారు.

"విరిగింది నా వేలు కదయ్యా. దాని వేలికేం రోగం" అన్నారు.

అవతల తను మా వైపు చూసింది. అలవాటుగానే చూసింది. చూపు మా మీద ఆగిపోయింది. తండ్రి వీపు కనిపించింది. అంత దూరం నుంచి తన మొహం నాకు సరిగ్గా కనబడలేదు గాని, కర్ర దింపేసి అలాగే నిలబడిపోయింది. స్కోరు రాసే ఆయన కూడా తలెత్తి చూశాడు. కొట్టు, కొట్టు తల్లీ, అనుకున్నాను.

తను పాదాలు కుడికి జరుపుకుంది. ఎన్నేళ్ళ నుంచో నిలబడ్డ ఎడమ నుంచి కదిలి, తిన్నగా నిలబడింది. ఎడమచెయ్యి తిప్పి పట్టింది. వేలు దించింది.

దెబ్బ చప్పుడు వేరుగా వినిపించింది. షెడ్డులో దుప్పటి మింగేసిన చప్పుడు ఇదేనన్నమాట. బంతి లేచింది. సగం దూరం వెళ్ళింది. ఇక్కడే తిరుగుతుంది, ఇక్కడే ప్రతిసారీ తిరుగుతుంది, అని పళ్ళు బిగబట్టి చూశాను.

"ఎటెళ్ళింది?" అన్నారు మామయ్య, తిరక్కుండానే.

"తిన్నగా."

"ఎంత తిన్నగా?"

"మీరు కొలిచినంత తిన్నగా మామయ్యా."

ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పుడైనా తిరుగుతారనుకున్నాను. తిరగలేదు. "మిగతావీ కానీ" అన్నారు. రెండో దెబ్బకీ తిరగలేదు, మూడో దెబ్బకీ తిరగలేదు. ఆఖరికి బంతి గుంటలో పడి, స్కోరు రాసే ఆయన టోపీ తీసి తనతో చెయ్యి కలిపేదాకా కార్ల వైపే చూస్తూ నిలబడ్డారు. నేను పక్కన నిలబడి పిల్లాడికి కథ చెప్పినట్టు చెబుతూ వచ్చాను. ఇప్పుడు గడ్డి మీద పడింది, ఇప్పుడు దగ్గరికొచ్చింది, ఇప్పుడు పడింది, నెగ్గింది.

తను తాడు కిందనుంచి దూరి పరిగెత్తుకొచ్చింది. ఆయన అప్పుడు తిరిగారు. కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయారు.

"చూశావా నాన్నా?" అంది.

వెంట్రుకవాసి తేడాని కూడా ఎప్పుడూ దాచని మనిషి. "చూశాను" అన్నారు. "తిన్నగా వెళ్ళింది."

తను ఆయన వీపు చూశాకే కదా కొట్టింది. గ్లవ్ విప్పేసి, ఆయన ఎడమచెయ్యి తీసుకుని, ఆ వంగని వేలిని తన గుప్పిట్లో పెట్టి మూసింది. కారు దాకా అలాగే పట్టుకుని నడిచింది. సంచి నేను మోశాను.