పులి మీద మా ముత్తాత

మా ముత్తాత పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత నాటికి ఆ ఊళ్ళు పోయి కోటలాంటి మా ఇల్లు, గడి ఒకటి మిగిలింది. మా నాన్న నాటికి గడి కూడా పోయి, గడి ఉండేదన్న మాట మిగిలింది. ముత్తాత కాలంలో గడి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. బండి మీద వచ్చేవాళ్ళు దిగి నడిచేవారు. గొప్పకు చెప్పడం లేదు, అప్పటి పద్ధతి చెబుతున్నాను. నేను ఖతర్‌లో, లుసైల్‌లోని ఒక నిర్మాణ కంపెనీలో పని చేస్తాను. ఇంజనీర్లు గీసిన డ్రాయింగులు నేను సరిచూసి ముద్ర వేస్తేనే సైటుకు వెళతాయి. ముద్ర వేయడం మా ఇంట్లో కొత్త పని కాదు.

మా ముత్తాతది ఒకే ఒక బొమ్మ మా దగ్గర మిగిలింది. ఎర్రటి నేల మీద రంగులతో వేసిన పాత బట్ట పటం, నాలుగు మూరల పొడవు. అందులో ఆయన పులి మీద కూర్చుని ఉంటాడు. వేటకు వెళ్ళి పులిని లొంగదీసి దాని మీదే ఊళ్ళోకి వచ్చాడని మా ఇంట్లో చెబుతారు. బొమ్మలో ఆయనకు గడ్డం, జడలు ఉంటాయి. నెల రోజులు అడవిలో ఉంటే మంగలి ఎక్కడ దొరుకుతాడని మా నాన్న అనేవాడు. ఆ జవాబుతో నేను నలభై ఏళ్ళు తృప్తిగా బతికాను.

దోహాలోని ఒక గ్యాలరీ వాళ్ళు, ఇక్కడ ఉంటున్న అన్ని దేశాల వాళ్ళూ ఇంటి నుంచి తెచ్చుకున్న వస్తువులతో ప్రదర్శన పెడుతున్నామని ప్రకటించారు. నేను పులి కథ రాసి పంపాను. శుక్రవారం పటం తీసుకుని రమ్మని జవాబొచ్చింది. గోడ మీద పటం, పక్కన కార్డు, కార్డు మీద మా ఇంటిపేరు. అది నాకు ఎంత కావాలనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గు పడను. పద్నాలుగు ఊళ్ళలో ఏ గోడ మీదా ఇప్పుడు మా పేరు లేదు.

పటాన్ని ఆఫీసులో డ్రాయింగులు పెట్టే గొట్టంలో చుట్టి, అల్ మన్సూరాలోని మా ఫ్లాటు నుంచి బయలుదేరి పది గంటలకల్లా అక్కడికి చేరాను. గ్యాలరీ మూసి ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక మూడింటికి తెరుస్తారని కాపలా మనిషి చెప్పాడు. ఇక్కడ ఇన్నేళ్ళుగా ఉండి శుక్రవారం సంగతి మరిచిపోయింది నేనే. మా వాళ్ళకు ఎవరి వేళలూ కనుక్కునే అలవాటు లేదు.

అందువల్ల ఐదు గంటల పాటు ఆ పేటలో గోడల మీది బొమ్మలు చూశాను. ఒక గోడ నిండా ముత్యాల కోసం నీళ్ళలో దూకుతున్న మనిషి ఉన్నాడు. అతని కన్ను ఉన్న చోటే ఏసీ గొట్టం బయటికి వచ్చి నీళ్ళు కారుతోంది. ముగ్గురు అమ్మాయిలు ఆ కన్నీటి కింద నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. ఇంకో గోడకు మొత్తం నీలం రంగు వేసి వదిలేశారు. పక్కన కార్డు మీద అది జ్ఞాపకానికీ వలసకూ మధ్య సంభాషణ అని రాసి ఉంది. నేను కొంతసేపు నిలబడి విన్నాను. వాళ్ళేమీ మాట్లాడుకోలేదు. మూడో గోడ మీది డేగ ముక్కు మా పాత తహసీల్దారును గుర్తు చేసింది. ప్రతి బొమ్మ కిందా చిత్రకారుడి సంతకం మాత్రం గజం పొడవు ఉంది.

నాలుగో గోడ దగ్గర బొమ్మ పని ఇంకా నడుస్తోంది. లిఫ్టు బుట్టలో నిలబడి ఒకాయన గుర్రం మెడకు రంగు వేస్తూ చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "దుబాయ్ కాదే, ఖతర్ అని ఎన్నిమాట్ల జెప్పాలె నీకు" అనడం వినబడి ఆగాను. ఆయన కిందికి దిగాక పలకరించాను. నలభై దాటిన మనిషి, సిరిసిల్ల వైపు.

"శుక్రవారం కూడా డ్యూటీయేనా?"

"సార్‌కు సాయంత్రం ఫ్లైట్ ఉన్నది. మూడున్నరకొచ్చి సైన్ చేస్తడు. ఆలోపు గుర్రం లేవాలె."

"సార్ అంటే ఎవరు?"

"బొమ్మ సార్‌దే. కాయితం మీద గళ్ళు గీసి నంబర్లేసి ఇచ్చిండు. గోడ మీద మేం నింపుతున్నం. నిన్న ఒక కాలు ఎక్కువొచ్చింది. మల్ల తుడిచినం."

మా ఊరి పేరు చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"గడి దొరలా మీరు?"

ఖతర్‌లో ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. అవునన్నాను. తన తాత మా గడికి పంచెలు నేసి తెచ్చేవాడని, గేటు దాటి లోపల ఏముందో మాత్రం ఎన్నడూ చూడలేదని చెప్పాడు. ఆ లోపల ఉన్నది ఒకటి నా చేతిలో ఉందని నేను అన్నాను.

మూలమీది చాయ్ కొట్టులో రెండు బల్లలు కలిపి పటం పరిచాను. ముత్తాత కథ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన లేచి వెళ్ళి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. తర్వాత సేఫ్టీ బూట్లు విప్పి, బల్లకు దూరంగా పెట్టి, పటం అంచు ముట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

మూడు తరాల తర్వాత మా ముందు ఒకరు చెప్పులు విప్పారు. ఇవన్నీ ఇప్పుడెందుకు, కూర్చోమన్నాను.

"మా పటం మీ కాడికెట్లొచ్చింది దొరా?" అన్నాడాయన.

"మీ పటమా?"

"ఈయన మా మూలపురుషుడు. దేవతలకు బట్ట నేసిన ఋషి. పులినెక్కిండు. మేం పద్మశాలోళ్ళం, మా ఇంట్ల పొద్దున లేస్తే మొక్కేది ఈయనకే."

"ఆయన మా ముత్తాత."

"మీ ముత్తాతకు జడలెందుకుంటయ్?"

మంగలి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పటం కింది అంచు దగ్గర కత్తిరించిన చోటు వేలితో చూపించాడు.

"పటమోళ్ళు మా వాడకొచ్చి పటం విప్పుకుంట కథ చెప్తుంటే నా చిన్నప్పుడు చూసిన. పులి అయినంక మగ్గం రావాలె. మగ్గం బొమ్మ విప్పినప్పుడే మా అమ్మలు బియ్యం పోసేటోళ్ళు. మగ్గం లేని పటం ఉండది. ఇది కోసిన్రు."

ఈ వాదన అక్కడే తేల్చేయాలని మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆమె కరీంనగర్‌లో ఉంటుంది, ఎనభై రెండేళ్ళు, గడిలో పుట్టి పెరిగిన మనుషుల్లో ఆఖరు. ఆమె మాట ఆయనకూ వినబడాలని స్పీకర్ పెట్టాను. శుక్రవారం మరిచిపోవడం తర్వాత ఆ రోజు నేను చేసిన రెండో పొరపాటు అది.

"అత్తా, పటం మీద పులి ఎక్కింది ముత్తాతే కదా?"

"ఎవడ్రా చెప్పింది? మా తాత గుర్రమెక్కితెనే ఇద్దరు పట్టుకునేటోళ్ళు."

"మరి ఆ పటం?"

"పటమోళ్ళు గడిల కథ చెప్పొచ్చిన్రంట. మా తాతకు పులి నచ్చింది. ఇడిసిపెట్టి పోండ్రి అన్నడు. ఇడిసిపెట్టి పోయిన్రు. ఇయ్యం అంటే ఊకుంటడా? తర్వాత ఎవరొచ్చినా పులి మీదున్నది నేనే అని నవ్వులాటకు అనేటోడు. నవ్వినోళ్ళు పోయిన్రు, మాట ఉన్నది."

"దాని కింద ఏముండేది?"

"మగ్గాలు. ఆడోళ్ళు నూలు వడుకుడు. నేను చిన్నప్పుడు దాని మీద పండుకుంటే మా అమ్మ కొట్టింది. దుబాయ్ల ఉండి ఇవన్నీ ఎందుకు నీకు? అన్నం తిన్నవా?"

తిన్నానని చెప్పి పెట్టేశాను. చాయ్ కొట్టు మలయాళీ ఆయన, బల్లలు ఎప్పుడు ఖాళీ చేస్తారన్నట్టు చూస్తున్నాడు. పెయింటరు బూట్లు తొడుక్కుంటూ, ఫొటో తీసుకోవచ్చా, అమ్మకు పంపుతానన్నాడు. తీసుకోమన్నాను. రెండు తీసుకున్నాడు, ఒకటి పులిది, ఒకటి కత్తిరించిన అంచుది.

"దీన్ని ఏడికి తీస్కపోతున్నరు?"

"గ్యాలరీకి. గోడకు పెడతారు. పక్కన కార్డు ఉంటుంది."

"కార్డు మీద మాదని రాపిస్తరా? నా పేరు గాదు. మా పద్మశాలోళ్ళదని. ఆ గోడ మీద ఎట్లాగు సార్ పేరే ఉంటది" అని గుర్రం వైపు చూశాడు. నా జవాబు కోసం ఆగలేదు. "యల్లా, ఇగ పోత, తోక మిగిలింది" అని వెళ్ళిపోయాడు.

మూడింటికి గ్యాలరీ తెరిచారు. ప్రదర్శన చూసుకునే ఆవిడ పటం చూసి సంతోషపడింది. తను మాట్లాడిన ఇంగ్లీషులో పులి అన్న మాట ఎనిమిది సార్లు వచ్చింది. నేను నిలబడి, పంపిన కథ తప్పని, ఇది నేతవాళ్ళ కులకథ పటమని, పులి మీద ఉన్నది వాళ్ళ ఋషి అని చెప్పాను. ఆవిడ ముఖం కాస్త వాడింది.

"ఆ మొదటి కథే బాగుందండీ. కార్డులు అచ్చుకు కూడా వెళ్ళాయి. 'కుటుంబంలో చెప్పుకునే కథ' అని ఒక ముక్క కలిపితే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

నిజంగా ఇబ్బంది ఉండదు. కార్డు నమూనా చూపించింది. నల్లటి అక్షరాల్లో మా ఇంటిపేరు చాలా అందంగా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా గుర్రానికి తోక వచ్చేసింది. లిఫ్టు బుట్టలో ఇప్పుడు వేరే మనిషి, తెల్ల చొక్కా, చేతిలో సన్న కుంచె. పెయింటరు కింద నిలబడి రంగు డబ్బా పైకి అందిస్తున్నాడు.

తప్పు డ్రాయింగు మీద ముద్ర వేయకపోవడం నా ఉద్యోగం. కార్డు తిరిగి ఇచ్చేసి, కొత్త ఫారం అడిగి తీసుకుని, కూర్చుని నింపాను. వస్తువు ఎవరిది అన్న చోట సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలీలది అని రాశాను. మీ దగ్గరికి ఎలా వచ్చింది అన్న చోట మా ముత్తాత విడిచిపెట్టి పొమ్మన్నాడు, వాళ్ళు విడిచిపెట్టి పోయారు అని రాశాను. కార్డు మీద మీ పేరు ఎలా వేయమంటారని ఆవిడ అడిగింది. తెచ్చినవాడు అని వేస్తే చాలన్నాను.

ఫారం ఆఖరి గడిలో, వస్తువు పూర్తిగా ఉందా, లేకపోతే మిగతాది ఏమైంది అని ఉంది. ఈసారి స్పీకర్ పెట్టకుండా అత్తకు ఫోన్ చేసి, ఆమె చెప్పింది రాశాను: మగ్గాలున్న పది మూరల ముక్కను మా తాత హైదరాబాదులో ఒక పాత సామాన్ల వ్యాపారికి అమ్మాడు.