గడ్డపార దించే ముందు

కుళాయి పైపు కోసం రాజపాళయంలో మా ఇంటి ముందు తవ్వడానికి, కూలికి గుంతలు తవ్వే చోళపురం అక్క వచ్చింది. గడ్డపార దించే ముందు ఎవరింట్లోనైనా ఆమె అడిగే మాట ఒకటే.

"సామీ, కింద కరెంటు వైరు పోతా ఉందా? తెలీకుంటే కరెంటోళ్ల ఈబీ ఆఫీసుకు ఫోను చేయండి. వాళ్లు వచ్చి చూసినాక తవ్వుతాను."

నాకు పనికి ఆలస్యమవుతోంది. "ఏమీ లేదక్కా, తవ్వు" అన్నాను.

కాసేపటికే గడ్డపార కేబులుకు తగిలింది. ఆమె చేతులు గడ్డపారకే అతుక్కుపోయాయి. కరెంటు ఎక్కడ ఆపాలో తెలియక, ఆమెను ముట్టుకోలేక, కేకలు వేస్తూ నిలబడ్డాను. పక్కింటాయన ఎండుకర్రతో కొట్టి విడిపించాడు.

ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఆసుపత్రిలో కూతురు ఇడ్లీ తినిపిస్తుంటే అక్క నన్ను చూసి, "మీరేం చేస్తారు సామీ, మీకూ తెలీదు కదా" అంది.

నిజమే, తెలియదు. ఆ రోజు ఆ మాటే చెప్పి ఉంటే ఆమె తవ్వేది కాదు.