ఎందాకా బాబాయి, రెండు మోతాదుల గొడవ

ఎవరు ఏ మాటన్నా అది ఎందాకా చెల్లుతుందో తేల్చుకోనిదే బాబాయికి ముద్ద దిగదు. "అందరూ మీటింగుకి రండి" అంటే, "అందరూ అంటే ఎందాకా? మన వరసా, అంతస్తు మొత్తమా?" అంటాడు. పళ్ల డాక్టరు "నోరు తెరవండి" అంటే "ఎందాకా?" అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం అది అడగాల్సిన ప్రశ్నేనని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. పెళ్లయిన కొత్తలో భార్య "నేనంటే ఇష్టమేనా?" అని అడిగితే ఏమన్నాడో చెప్పనక్కర్లేదు. ఆవిడ చాలా రోజులు పక్కింటివాళ్లతోనే మాట్లాడింది. ఆఫీసులో జీతాలిచ్చేవాళ్లకి తప్ప ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ఎందాకా బాబాయే.

ఆయన పక్క కుర్చీలోకి కొత్తగా వచ్చినావిడ అంతకుముందు లెక్కల టీచరు. బడి మూతపడ్డాక, నలభయ్యో ఏట ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరింది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో ఆడపడుచు "ఈ వయసులో ఇదేం సరదా వదినా!" అని రోజూ దెప్పుతూనే ఉంది.

"ఇవాళ ఉక్కగా ఉంది కదండీ" అంది ఆవిడ మొదటిరోజు, మాట కలుపుదామని.

"ఎందాకా? కిటికీ దాకానా, బయట కూడానా?"

ఆవిడ కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది.

అప్పట్లో వాళ్లు ఒక ఆసుపత్రి కోసం మందుల ప్రోగ్రాము రాస్తున్నారు, ఫంక్షనల్ అనే రకం కంప్యూటరు భాషలో. ఆ భాషకీ బాబాయికీ జత కుదరడంలో వింతేం లేదు. ఏ టైపు, అంటే ఏ రకం సరుకు, అన్నది ముందే చెప్పాలి. ప్రోగ్రాములో ఒక విభాగం లోపల ఒక పేరుకి చెప్పిన అర్థం ఆ విభాగం గోడ దాటితే చెల్లదు. దానికీ "ఎందాకా" అన్నదే ప్రాణం.

ఆసుపత్రివాళ్లు రావడానికి ముందురోజు, మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి ఆవిడ రాసిన భాగాన్ని పెద్ద తెరమీద నడిపించాడు. అది నడవలేదు. ఎర్రటి అక్షరాలు మాత్రం వచ్చాయి: "ఇక్కడ మోతాదు రావాలి. మీరిచ్చింది మోతాదు."

గది గొల్లుమంది. మేనేజరు నవ్వలేదు.

"మోతాదు అడిగితే మోతాదే ఇచ్చి, అందులోనూ తప్పు తెచ్చారంటే... మీకు ఈ పని చేతకాదండీ!"

ఆవిడ ముఖం పాలిపోయింది. ఏళ్ల తరబడి బోర్డు ముందు నిలబడ్డ మనిషికి ఇప్పుడు తలెత్తే ధైర్యం లేకపోయింది.

"చేతకాదన్నారు. ఎందాకా సార్?" వెనక వరసలోంచి బాబాయి గొంతు.

"మళ్లీ మొదలెట్టారా?"

"తెలుసుకుందామనే సార్. ఈ లైను దాకానా? ఈ ఫైలు దాకానా? లేకపోతే ఆవిడ ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి రేపూ ఎల్లుండీ మోసుకు తిరగాలా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనేజరు కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ... ఈ లైను దాకానే లెండి."

"అయితే దాన్ని ఇక్కడే ఆపేద్దాం. అమ్మా, ఇలా రా. మీ పుట్టింట్లో అత్తయ్య అంటే ఎవరు?"

ఆవిడ తెల్లబోయింది. "నాన్నగారి చెల్లెలు."

"అత్తవారింట్లో?"

"మా ఆయన అమ్మగారు."

"పుట్టింటి అత్తయ్యతో చెప్పుకునే కబుర్లు అత్తవారింటి అత్తయ్య చెవిన వేస్తే?"

"ఇంకేమన్నా ఉందా, కొంప మునిగిపోదూ!" అంటూనే ఆవిడ ఆగి తెరవైపు చూసింది. పైన, పెద్దల వార్డు కోసం మోతాదు అంటే మాత్రలని రాసింది. కింద, పిల్లల వార్డు కోసం అదే పేరుతో చుక్కలని మళ్లీ రాసింది. అక్కణ్నుంచి మోతాదు అంటే చుక్కలే. పైనుంచి వచ్చిన మాత్రల్ని కింద పలకరించే దిక్కులేదు.

"పేరొక్కటే, మోతాదులు రెండు!"

"అదీ! యంత్రం నిన్ను తిట్టలేదమ్మా. పసిపిల్ల నోట్లో మాత్రలు పడకుండా అడ్డం నిలబడింది."

ఆవిడ దేని మోతాదుని దాని వార్డు విభాగంలో పెట్టింది. ప్రోగ్రాము నడిచింది. మర్నాడు ఆసుపత్రివాళ్లు చూసి సంతోషంగా వెళ్లారు.

వాళ్లు వెళ్లాక ఆవిడ బాబాయి వైపు తిరిగింది. "నిన్న మీరు అడక్కపోతే ఇవాళ వచ్చేదాన్ని కాదు బాబాయిగారూ. ఎప్పుడూ అలా అడిగేది ఇందుకేనా?"

బాబాయి ఇబ్బందిగా కదిలాడు. "అబ్బే, సగం నా పిచ్చేనమ్మా. మిగతా సగం... కోపంలో అన్నవాళ్లు హద్దు చెప్పరు. విన్నవాళ్లు దాన్ని బతుకంతా పరుచుకుంటారు. అడిగితే పాపం, వాళ్లే తగ్గిస్తారు."

అంతలో మేనేజరు వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ రెండు మోతాదుల సంగతి... నాక్కూడా ఓసారి చెప్తారా? నిన్న అందరి ముందూ తలాడించాను గానీ, నాకేం అర్థం కాలేదు."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఖాళీ కుర్చీ ఒకటి లాగి తన పక్కన వేసింది.

"కూర్చోండి సార్. నెమ్మదిగా చెప్తాను. తెలియకపోతే మధ్యలో ఆపండి, ఏం పర్లేదు." ఆ గొంతు అచ్చం బడిలో గొంతే.

బాబాయి గబుక్కున లేచాడు. "నేనలా వెళ్లి టీ తెచ్చుకుంటాను" అని, తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్లాడు.

చేతిలో అప్పటికే ఉన్న నిండు టీ గ్లాసుతో.